బస్సు లేన్ కంటే ముందు కూడలి

సిటీ బస్సులకు ప్రాధాన్యం ఇవ్వాలనగానే అందరికీ తట్టేది రోడ్డు మధ్యన గీత గీసి విడదీసిన ప్రత్యేక లేన్. ఆ వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న కూడా తెలిసిందే: ఉన్న రోడ్డే చాలక చస్తుంటే అందులో బస్సుకు వేరే దారి ఎక్కడిది? వాదన అక్కడికి వచ్చి ఆగిపోతుంది, బస్సు మాత్రం అమీర్‌పేటలోనే ఉంటుంది. అసలు బస్సు తన సమయాన్ని ఎక్కడ పోగొట్టుకుంటోందో లెక్క తీస్తే లేన్ గొడవ సగానికి సగం తగ్గుతుంది. పోయే సమయంలో ఎక్కువ భాగం పోయేది సిగ్నళ్ల దగ్గర, స్టాపుల్లో, కూడలి ముందున్న ఆఖరి వంద రెండొందల మీటర్లలో. రెండు కూడళ్ల మధ్య ఖాళీగా సాగే రోడ్డు మీద బస్సుకు పెద్ద కష్టం ఉండదు. మన దేశంలో చాలా ప్రాజెక్టులు ఆ కష్టం లేని చోటే కోట్లు పోసి లేన్ కట్టి, కష్టం ఉన్న చోట చేతులెత్తేశాయి.

ఒక నమూనా లెక్క చూద్దాం. 12 కిలోమీటర్ల సిటీ రూటు, ఒకవైపు ప్రయాణం గంట. అడ్డేమీ లేకుండా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ దూరానికి 24 నిమిషాలు చాలు. దారిలో 24 స్టాపులున్నాయి. వేగం తగ్గించడం, ఎక్కించుకోవడం, దించడం, మళ్లీ కదలడం కలిపి స్టాపుకు 35 సెకన్లనుకుంటే 14 నిమిషాలు. 12 సిగ్నళ్ల దగ్గర సగటున 50 సెకన్ల చొప్పున 10 నిమిషాలు. మిగతా 12 నిమిషాలు రద్దీలో నలగడం, ఆటోల వెనక ఆగడం, యూ టర్న్ కోసం లేన్లు మారడం. మొత్తం 60. రూటును బట్టి అంకెలు మారతాయి గానీ పద్దులు ఇవే.

ఇందులో సిగ్నళ్ల దగ్గర 5 నిమిషాలు, స్టాపుల్లో 4, రద్దీలో 5 తగ్గించగలిగితే ఒకవైపు ప్రయాణం 46 నిమిషాలకు దిగుతుంది. ప్రయాణికుడికి మిగిలే 14 నిమిషాలు సరే, డిపో మేనేజరుకు కనిపించే లాభం ఇంకొకటి. ఇంతకుముందు రానూపోనూ 120 నిమిషాలు, రెండు చివర్లా విరామం పది పది నిమిషాలు, మొత్తం 140. ఏడు నిమిషాలకో బస్సు నడపాలంటే 20 బస్సులు కావాలి. ఇప్పుడు ఒక చుట్టు 112 నిమిషాలు. అదే ఏడు నిమిషాల సర్వీసుకు 16 చాలు. లేదంటే ఆ 20 బస్సులతోనే 5.6 నిమిషాలకొకటి పంపొచ్చు. కొత్త బస్సు కొనలేదు, డ్రైవర్లను చేర్చుకోలేదు, సీట్లు మాత్రం పెరిగాయి. బస్సులు చాలడం లేదని ప్రతి నగరంలోనూ వినిపించే ఫిర్యాదులో కొంత వాటా నిజానికి బస్సులు ఇరుక్కుపోయాయన్న ఫిర్యాదే.

సిగ్నల్ దగ్గరికి వద్దాం. విషయం ఎక్కువగా ఉన్నది ఇక్కడే, ఖర్చు తక్కువయ్యేదీ ఇక్కడే.

వాహనం ఏ క్షణంలో వస్తుందో తెలియనప్పుడు దానికి సగటున పడే ఆలస్యం ఎర్రలైటు వ్యవధి వర్గాన్ని చక్రం వ్యవధికి రెట్టింపుతో భాగించినంత. చక్రమంటే నాలుగు దిక్కులకూ ఒక్కోసారి పచ్చలైటు వచ్చి మళ్లీ మొదటికి చేరే సమయం. నాలుగు దిక్కులకు విడివిడిగా పచ్చ ఇచ్చే కూడలిలో చక్రం 180 సెకన్లు, మన బస్సు దిక్కుకు 45 సెకన్ల పచ్చ అనుకుందాం. ఎరుపు 135 సెకన్లు. సగటు ఆలస్యం సుమారు 50 సెకన్లు. అదే చక్రాన్ని 90 సెకన్లకు కుదించి పచ్చ 22 ఇస్తే ఆలస్యం 26 సెకన్లకు పడిపోతుంది. అంటే సగం. సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ ఏమీ లేకుండానే.

మరి ఎవరూ అలా ఎందుకు చేయరు? ఒక దిక్కు ఆగి ఇంకో దిక్కు కదిలే ప్రతి మార్పులోనూ నాలుగైదు సెకన్లు ఎవరికీ దక్కకుండా పోతాయి. మార్పుకు 5 సెకన్లయితే నాలుగు దిక్కులకు 20. చక్రం 180 అయితే ఈ నష్టం 11 శాతం, 90 అయితే 22 శాతం. అందుకే కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు చక్రాన్ని సాగదీస్తాడు. తన కళ్ల ముందున్న క్యూకు అది ఉపయోగమే. ఆ లెక్కలో అతని తప్పు లేదు. దీనికి మందు చక్రాన్ని ఊరికే కోసేయడంలో లేదు, దిక్కుల సంఖ్య తగ్గించడంలో ఉంది. ఒక చిన్న వీధి నుంచి కుడి మలుపు ఆపేసి నాలుగు దశలను, అంటే వంతులవారీగా వచ్చే పచ్చలను, మూడు చేశారనుకోండి. 120 సెకన్ల చక్రంలో నష్టం 15 సెకన్లు, అంటే 12.5 శాతం, పాత 180కి దాదాపు సమానం. బస్సు దిక్కుకు 38 సెకన్ల పచ్చ దొరికితే ఎరుపు 82, సగటు ఆలస్యం 28 సెకన్లు. కూడలి సామర్థ్యం పెద్దగా పోలేదు, బస్సు ఆలస్యం సగానికి దగ్గరగా తగ్గింది. ఆపేసిన ఆ కుడి మలుపు వాహనాలు ఎటు పోవాలో ముందే చూపించకపోతే మాత్రం మూడో రోజుకే కార్పొరేటర్ ఫోన్‌తో మలుపు మళ్లీ తెరుచుకుంటుంది.

ఆ తర్వాతి మెట్టు బస్సును గుర్తుపట్టి స్పందించే సిగ్నల్. ఇది రెండు పనులు చేస్తుంది. పచ్చ ముగిసే వేళకు బస్సు దగ్గర్లో ఉంటే పచ్చను కొన్ని సెకన్లు పొడిగిస్తుంది. ఎరుపులో బస్సు ఆగి ఉంటే పచ్చను కాస్త ముందుగా తెస్తుంది. పై కూడలిలో పది సెకన్ల పొడిగింపు ఇచ్చామనుకోండి. ఆ పది సెకన్ల కిటికీలో వచ్చేవి నూటికి ఎనిమిది బస్సులే, కానీ వాటికి ఒక్కోదానికి దాదాపు మొత్తం 82 సెకన్ల ఎరుపు తప్పుతుంది. పచ్చను పది సెకన్లు ముందు తెస్తే ఎరుపులో చిక్కే 68 శాతం బస్సులకు తలా పది సెకన్లు మిగులుతాయి. సగటు లాభం రెండింటికీ ఇంచుమించు ఏడేసి సెకన్లే. తేడా ఎదుటివాడి మీద పడే భారంలో ఉంది: పొడిగింపు అరుదుగా అడుగుతుంది, ముందు పచ్చ మాటిమాటికీ అడుగుతుంది. రెండు పక్కల రోడ్డు నిండి ఉన్న చోట పొడిగింపుతో మొదలుపెట్టడం మంచిది.

120 సెకన్ల చక్రమంటే గంటకు 30 చక్రాలు. గంటకు 60 బస్సులు వచ్చే దిక్కులో ప్రతి చక్రంలోనూ ఏదో ఒక బస్సు అడుగుతూనే ఉంటుంది, ఎదురు దిక్కు నుంచి ఇంకోటి. అప్పుడు ‘బస్సును గుర్తించే’ తెలివి దండగ. ఆ దిక్కుకు శాశ్వతంగా ఎక్కువ పచ్చ ఇచ్చేస్తే సరిపోతుంది. సికింద్రాబాద్, మెహిదీపట్నం వంటి చోట్ల ఇదే వర్తిస్తుంది. గుర్తించే సిగ్నల్‌కు నిజమైన పని గంటకు పది ఇరవై బస్సులు నడిచే రోడ్ల మీద. సరిగ్గా దీనికి విరుద్ధంగా, అత్యంత రద్దీ కారిడార్‌లోనే ‘స్మార్ట్ సిగ్నల్’ ప్రయోగం పెట్టి, ఫలితం రాలేదని మూసేయడం రివాజు.

గుర్తింపు ఎక్కడ మొదలవ్వాలన్నదీ ముఖ్యమే. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో బస్సు సెకనుకు ఏడు మీటర్లు వస్తుంది. వంద మీటర్ల ముందు గుర్తిస్తే సిగ్నల్‌కు 14 సెకన్ల గడువు దొరుకుతుంది. ఆ వంద మీటర్ల మధ్యలో స్టాపు ఉంటే లెక్క మొత్తం తారుమారు. బస్సు స్టాపులో పదిహేను సెకన్లు ఆగుతుందో నలభై ఆగుతుందో ఎవరికీ తెలియదు. సిగ్నల్ పచ్చ పట్టుకుని ఎదురుచూస్తుంది, బస్సు తలుపు దగ్గర జనం ఎక్కుతూనే ఉంటారు, పచ్చ ముగిశాక బస్సు కదులుతుంది. అందుకే స్టాపును కూడలి దాటాక పెట్టాలి. దాటాక అంటే మరీ ఆనుకుని కాదు: రెండు బస్సులు ఒకేసారి నిలిచినా మూడోదాని తోక కూడలిలోకి రాకుండా కనీసం 35–40 మీటర్ల చోటుండాలి. మన నగరాల్లో స్టాపులు ఎక్కువగా కూడలికి ముందే ఉండడానికి కారణం ఇంజనీరింగు కాదు. ఎర్రలైటుకు బస్సు ఎలాగూ ఆగుతుంది కాబట్టి జనం అక్కడే ఎక్కడం అలవాటు చేసుకున్నారు, తర్వాత షెల్టర్ కూడా అక్కడే వెలిసింది.

ఈ సర్దుబాట్లన్నింటిలో పాదచారి సమయాన్ని ముట్టుకోకూడదు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి సెకనుకు 1.2 మీటర్ల నడకతో 12 సెకన్లు పడుతుంది, పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. ప్రతి బస్సు ప్రయాణికుడూ రోజులో కనీసం ఒకసారి ఆ రోడ్డు దాటేవాడే.

పై సూత్రాలు ఒక పచ్చలో క్యూ ఖాళీ అయ్యే కూడళ్లకే పనికొస్తాయి. సాయంత్రం పూట క్యూ రెండు మూడు చక్రాలు పట్టేంత పొడవుంటే పచ్చ పొడిగించినా బస్సు స్టాప్ లైన్ దాకా రాలేదు. అక్కడ కావలసింది క్యూను దాటించే దారి: కూడలి ముందు ఎడమ పక్కన బస్సుకు ఒక పొట్టి లేన్. దాని పొడవు మామూలు క్యూ కంటే ఎక్కువ ఉండాలి. 150 మీటర్ల క్యూ నిలిచే చోట 60 మీటర్ల లేన్ ఇస్తే దాని ముఖద్వారం క్యూలోనే మూసుకుపోతుంది. బస్సు లోపలికి రావాలన్నా వరుసలోనే నిలబడాలి. హైదరాబాద్‌లో చాలా కూడళ్లకు సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్ దారి ఇప్పటికే ఉంది. ఆ దారి నుంచే బస్సులను నేరుగా పోనిచ్చి, మిగతా వాహనాల కంటే ఐదారు సెకన్లు ముందు బస్సుకు మాత్రం పచ్చ చూపిస్తే అవతల కలిసిపోయే ఇబ్బంది ఉండదు. అవతల ఒడ్డున వెంటనే స్టాపుంటే అసలు కలవాల్సిన పనే లేదు.

స్టాపు దగ్గర పోయే సమయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, ఎందుకంటే అది రోడ్డు శాఖదీ కాదు, పోలీసులదీ కాదు. బస్సు ఎంతసేపు ఆగాలన్నది రద్దీ ఎక్కువున్న తలుపు నిర్ణయిస్తుంది. ఎక్కేవాళ్లు 20 మంది, మనిషికి రెండున్నర సెకన్లు అనుకుందాం. రెండు తలుపుల్లో పది పది మంది ఎక్కితే 25 సెకన్లు. ముందు తలుపులో 16, వెనక తలుపులో నలుగురు ఎక్కితే 40 సెకన్లు. మన సిటీ బస్సుల్లో ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు అన్నది పాత ఆనవాయితీ. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక మహిళా ప్రయాణికులు బాగా పెరిగారు. తలుపులు పంచుకునే పద్ధతి మాత్రం పాతదే. ముందు తలుపు దగ్గర తొక్కిసలాట, వెనక ఖాళీ. సీట్ల కేటాయింపు అలాగే ఉంచి, పెద్ద స్టాపుల్లో రెండు తలుపులూ అందరికీ అని ప్రకటించినా స్టాపుకు పది సెకన్లకు తక్కువ మిగలదు. లేన్ కట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఉచితమే, అయినా ఏ నివేదికలోనూ చోటు దొరకని సలహా.

తలుపు వ్యవధి తగ్గితే స్టాపు సామర్థ్యం కూడా పెరుగుతుంది. బస్సు సగటున 40 సెకన్లు ఆగుతూ, ఒకటి వెళ్లి ఇంకోటి నిలవడానికి 15 సెకన్లు పడుతూ, ఆగే సమయంలో హెచ్చుతగ్గులకు 31 సెకన్ల జాగా ఉంచుకుంటే, ఒక బస్సు నిలిచే చోటు గంటకు 42 బస్సులకు సరిపోతుంది. ఆగే సమయం 20 సెకన్లయితే ఆ జాగా కూడా సగమై అదే చోటు 71 బస్సులను పంపగలదు. కోఠిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రోడ్డు మధ్యలో మూడు బస్సులు వరుసగా నిలిచి జనాన్ని ఎక్కించుకోవడం చూసి డ్రైవర్లను తిడతాం గానీ, అది చాలాసార్లు స్టాపు నిండిపోయిన లక్షణం. రూట్లను రెండు మూడు గుంపులుగా విడదీసి నలభై మీటర్ల ఎడంలో వేరు వేరు స్టాపులు ఇవ్వడమే దానికి మార్గం.

ఇక బస్ బే. ఫుట్‌పాత్‌ను లోపలికి తొలిచి బస్సు పక్కకు తప్పుకునేలా కట్టడం మంచి పనని అందరూ అనుకుంటారు. మంచి పనే, కార్లకు. బస్సు మళ్లీ రోడ్డెక్కాలంటే వెనక వచ్చేవాళ్లు దయతలచాలి. ఒక్కోసారి పది పదిహేను సెకన్లు అక్కడే పోతాయి. పైగా బే ఖాళీగా కనిపిస్తే షేర్ ఆటోలు చేరతాయి. ఆటోలు ఉన్నాయని బస్సు బయటే ఆగుతుంది, బస్సు బయటే ఆగుతోందని జనం రోడ్డు మీదికి వస్తారు. వేగం తక్కువుండే సిటీ రోడ్డులో బే పూడ్చి, ఫుట్‌పాత్‌నే లేన్ అంచు దాకా ముందుకు తేవడం బస్సుకు మేలు. బస్సు తన లేన్‌లోనే ఆగి తన లేన్‌లోనే కదులుతుంది. షేర్ ఆటోలను తరిమేస్తే మర్నాడు మళ్లీ వస్తాయి. స్టాపు దాటాక ఇరవై ముప్పై మీటర్ల అవతల వాటికంటూ గీసిన చోటుంటే నిలబడతాయి. వాటిలో ఎక్కేవాళ్లూ బస్సు దొరకని ప్రయాణికులే. స్టాపు దగ్గర తారుకు బదులు కాంక్రీటు పలక వేయడం మరవకూడదు. రోజూ వందల బస్సులు ఒకే చోట బ్రేకు వేస్తే తారు నొక్కుకుపోయి గుంత పడుతుంది, గుంతలో నీళ్లు నిలుస్తాయి, బస్సు ఆ గుంతను తప్పించి రోడ్డు మధ్యలో ఆగుతుంది.

ఇప్పుడు లేన్. ఒక మామూలు లేన్‌లో కార్లు, బైకులతో గంటకు సుమారు 1,500 మంది వెళ్తారనుకుంటే, 50 మందితో నిండిన బస్సులు గంటకు 30 వచ్చినా బస్సు లేన్ దానికి సమానం. అంతకు మించి వచ్చేదంతా లాభమే. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో ఒక బస్సు 2.2 నుంచి 3.7 కార్ల చోటు తీసుకుంటుంది. మోసే జనాన్ని బట్టి చూస్తే ఇది చవక బేరం. అయితే గంటకు 30 బస్సులంటే రెండు నిమిషాలకొకటి. ఆ మధ్య సమయంలో లేన్ ఖాళీగా కనిపిస్తుంది, పక్క లేన్‌లో ఆగిపోయిన కారు అద్దంలోంచి చూసేవాడికి ఒళ్లు మండుతుంది. బస్సు లేన్ల రాజకీయమంతా ఈ ఖాళీ చుట్టూ తిరుగుతుంది. కాబట్టి గంటకు 30 బస్సులు లేని రోడ్డులో లేన్ మొదలుపెట్టి శత్రువులను కూడగట్టుకోవడం తెలివైన పని కాదు.

లేన్ ఎడమ అంచునా, మధ్యనా? మధ్యన వేస్తే పార్కింగ్, ఆటోలు, ఎడమ మలుపులు అడ్డురావు. కానీ ప్రయాణికులు రోడ్డు సగం దాటి స్టాపుకు చేరాలి, కుడి మలుపులకు సిగ్నల్‌లో వేరే దశ కావాలి. ఆ అదనపు దశ చక్రాన్ని పొడిగిస్తుంది, దాంతో లేన్‌లో మిగిల్చిన సమయాన్ని సిగ్నల్ తినేస్తుంది. ఎడమ అంచున వేస్తే కట్టడం సులువు, కాపాడుకోవడం కష్టం. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మార్గం కింద ఈ చర్చకే తావు లేదు. రోడ్డు మధ్యన స్తంభాలున్నాయి, కాబట్టి ఎడమ అంచే దిక్కు. అంచు లేన్‌కు ఇంకో చిక్కు వాన. వాన నీరు చేరేది అక్కడే, మ్యాన్‌హోల్ మూతలు ఉండేదీ అక్కడే. డ్రైనేజీ సరిచేయకుండా గీత గీస్తే జులైలో బస్సే ఆ లేన్ వదిలేస్తుంది. వెడల్పు 3.5 మీటర్లు ఉండాలి. బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా, పైన అద్దాలు అదనం. రెండు వైపులా ఎక్కడానికి వీల్లేని గోడ కడితే ఒక్క బస్సు చెడిపోయినా లేన్ మొత్తం ఆగిపోతుంది, అందుకని అవసరమైతే బస్సు టైరు ఎక్కించగల తక్కువ ఎత్తు అంచులు, మధ్యమధ్య ఖాళీలు ఉంచాలి.

లేన్‌ను కూడలి స్టాప్ లైన్ దాకా తీసుకెళ్లక్కర్లేదు. కాస్త ముందే ఆపి ఆ భాగాన్ని అందరికీ వదిలితే, పచ్చలైటులో అన్ని లేన్లూ నిండుగా వెళ్తాయి, కూడలి సామర్థ్యం తగ్గదు, ఎడమకు తిరిగేవాళ్లకూ చోటు దొరుకుతుంది. ఎంత ముందు ఆపాలన్నదానికి బ్రిటన్ ఇంజనీర్లు వాడే కొండగుర్తు ఉంది: పచ్చ సెకన్లకు రెట్టింపు మీటర్లు. 30 సెకన్ల పచ్చకు 60 మీటర్లు. బస్సు ఆ చిన్న క్యూ వెనక చేరినా అదే పచ్చలో దాటిపోతుంది. ‘బస్సు లేన్ వేస్తే కూడలి చచ్చిపోతుంది’ అనే ఇంజనీరుకు చూపించాల్సిన లెక్క ఇది.

ఢిల్లీ అనుభవాన్ని ఈ కళ్లతో చూడాలి. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు లేన్ల కారిడార్ 2008లో మొదలైంది. లేన్లు మధ్యన, స్టాపులు కూడళ్లకు ముందు, ఏ రూటు బస్సైనా లోపలికి రావచ్చు. స్టాపులో ఆగిన బస్సు సిగ్నల్ దాటదు, వెనక బస్సు స్టాపుకు చేరదు. దశలు ఎక్కువై చక్రాలు బాగా పొడవయ్యాయి. బస్సుకు లేన్‌లో కొంత మేలు జరిగినా కార్ల క్యూలు పెరిగి కోపం రాజుకుంది. లేన్‌ను రద్దు చేయాలన్న పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2012లో కొట్టేసింది, అయినా రాజకీయంగా అది నిలవలేదు. 2016లో కూల్చేశారు. అక్కడ ఓడిపోయింది బస్సు లేన్ అని దేశమంతా పాఠం నేర్చుకుంది. కూడలి డిజైన్ గురించి మాట్లాడినవాళ్లు కొద్దిమందే.

అహ్మదాబాద్ తన బస్సు కారిడార్‌ను 2009 అక్టోబరులో పిరానా–ఆర్టీఓ మధ్య 12.5 కిలోమీటర్లతో మొదలుపెట్టింది. స్టేషన్‌లోనే టికెట్టు, బస్సు అంతస్తుతో సమానంగా 900 మిల్లీమీటర్ల ఎత్తు ప్లాట్‌ఫారం, మధ్య స్టేషన్లకు సరిపోయేలా కుడివైపు తలుపులు, నడపడానికి జన్‌మార్గ్ పేరుతో వేరే కంపెనీ. మెట్లెక్కడం, లోపల చిల్లర వెతకడం లేకపోవడంతో స్టాపులో పోయే సమయం తగ్గింది. దాని మీద విమర్శ కూడా న్యాయమైనదే: మొదట వెడల్పాటి శివారు రోడ్లను ఎంచుకుని, జనం కిక్కిరిసిన పాత నగరాన్ని పక్కన పెట్టారు. చోటున్న దగ్గర కట్టడం సులువు మరి. భోపాల్‌లో 2024లో, ఇండోర్‌లో 2025లో కారిడార్లను తొలగించడం మొదలైంది.

మన విశాఖలో కేంద్రం నగరాల కోసం తెచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద పెందుర్తి, సింహాచలం మార్గాలుగా రెండు కారిడార్లు, కలిపి 40 కిలోమీటర్లకు పైనే తలపెట్టారు. రోడ్లు వెడల్పయ్యాయి, మధ్యన లేన్లు వచ్చాయి. కానీ ముక్కలుగా పూర్తయిన చోట ముక్కలుగానే ఉండిపోయింది, అనుకున్న పూర్తిస్థాయి సర్వీసు నడవలేదు. విజయవాడలోనూ ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ (బస్సులకు ప్రత్యేక లేన్లున్న వేగవంతమైన రవాణా వ్యవస్థకు పొట్టి పేరు) అన్న పేరు మిగిలింది, రోడ్డు మిగతా అవసరాలకు వాడుకలోకి వచ్చింది. ఇలాంటి చోట లేన్ ఎంత పొడవు కట్టారన్నది ప్రశ్న కాదు. లేన్ లేని ఆ ముక్కలో బస్సు పది నిమిషాలు ఆగితే, లేన్ ఉన్న ఐదు కిలోమీటర్లలో మిగిల్చిన రెండు నిమిషాలు ఎవరికీ గుర్తుండవు.

జ్యూరిక్ దీనికి తిరగేసిన కథ. అక్కడి ఓటర్లు 1962లో, మళ్లీ 1973లో భూగర్భ రైలు ప్రతిపాదనలను తిరస్కరించి, 1977లో ఉన్న ట్రాములు, బస్సులను రోడ్డు మీదే వేగంగా నడపడానికి 20 కోట్ల ఫ్రాంకులకు ఆమోదం తెలిపారు. ఆ డబ్బులో పెద్ద పని ఒక్కో కూడలినీ పట్టుకుని ఆలస్యాన్ని తీసేయడమే. ఫొటోకు పనికొచ్చే కట్టడం అందులో పెద్దగా ఏమీ లేదు.

హైదరాబాద్‌లో ఈ మధ్య చాలా కూడళ్లను మూసి సిగ్నల్ బదులు యూ టర్న్‌లు పెట్టారు. కార్లకు సిగ్నల్ ఆగడం తప్పింది. 12 మీటర్ల బస్సుకు మాత్రం తిరగడానికి 22–24 మీటర్ల వ్యాసం కావాలి. ఎడమ అంచు స్టాపు నుంచి మూడు లేన్లు దాటి కుడి అంచుకు చేరాలి, తిరిగాక మళ్లీ మూడు లేన్లు దాటి ఎడమ స్టాపుకు రావాలి. ఈ అల్లికలో బస్సే కాదు, దాని వెనకున్నవాళ్లూ ఆగుతారు. పాదచారికి ఆగిన ట్రాఫిక్ అనేదే ఉండదు కాబట్టి రోడ్డు దాటడం ఇంకా కష్టమవుతుంది. కుడికి తిరిగే బస్సు రూట్లున్న కూడలిలో, మిగతావాళ్లకు మూసినా బస్సులకు మాత్రం పదిహేను సెకన్ల దశ ఉంచి మధ్యలో దారి వదలడం సాధ్యమే.

అమలు విషయంలో చట్టం కొరత లేదు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ఒక రోడ్డు మీద ఏ వాహనాలు తిరగాలో నియంత్రించే అధికారాన్ని ఇస్తుంది, 116 సూచికల ఏర్పాటుకు, 2019 సవరణతో వచ్చిన 136ఎ ఎలక్ట్రానిక్ నిఘాకు. ముందు నోటిఫికేషన్, తర్వాత బోర్డు, ఆ తర్వాత గీత. ఈ వరుస తప్పితే చలాన్లు నిలవవు. ఎడమకు తిరగడానికో, గేటులోకి పోవడానికో లేన్‌ను కాసేపు తాకినవాడు తప్పు చేసినట్టు కాదు. అందుకే ఒకే వాహనం నంబరు రెండు చోట్ల, వంద మీటర్లకు పైగా ఎడంలో లేన్‌లోనే దొరికితేనే చలాను వేయాలి. అంబులెన్సులు, ఫైరింజన్లు, స్కూలు బస్సులను మొదటి నుంచీ లేన్‌లోకి అనుమతించడం మంచిది. అంబులెన్సు దూసుకుపోవడం చూసినవాళ్లు ఆ లేన్‌ను అంత తేలిగ్గా తిట్టరు. ఇక ద్విచక్రవాహనాలు. వాటిని ఆపలేమని ముందే వదిలేస్తే లేన్ పోయినట్టే. కూడలి ముందున్న వంద మీటర్లలోనైనా గట్టిగా కాపాడాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలో ఊహించక్కర్లేదు. బస్సుల్లో జీపీఎస్ ఇప్పటికే ఉంది. తెలంగాణలో 2023లో వచ్చిన ‘గమ్యం’ యాప్ ప్రయాణికుడికి బస్సు ఎక్కడుందో చూపించేది దానితోనే. అదే సమాచారాన్ని నెల రోజులు భద్రపరిచి, రోడ్డును వంద మీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో బస్సు ఎన్ని సెకన్లు ఉందో గంటలవారీగా చూస్తే సమయం ఎక్కడ కారిపోతోందో బయటపడుతుంది. సగటు ఒక్కటే చూడకూడదు. పది రోజుల్లో ఒక రోజు అరగంట ఆలస్యమయ్యే ముక్క, రోజూ ఐదు నిమిషాలు తినే ముక్క కంటే టైమ్ టేబుల్‌ను ఎక్కువ చెడగొడుతుంది, ఎందుకంటే డిపో ఆ చెడ్డ రోజుకు సరిపోయేలా ప్రతి రోజూ అదనపు సమయం పెట్టుకోవాలి. ఆలస్యం ఇంకో రకంగానూ పెరుగుతుంది: వెనకబడిన బస్సుకు స్టాపులో ఎక్కువ మంది ఎదురవుతారు, అది ఇంకా వెనకబడుతుంది, వెనక బస్సు ఖాళీగా దాన్ని అందుకుంటుంది. ఏడు నిమిషాలకొకటి రావాల్సినవి పద్నాలుగు నిమిషాలకు జంటగా వస్తే సగటు నిరీక్షణ మూడున్నర నుంచి ఏడు నిమిషాలవుతుంది. సిగ్నల్ ప్రాధాన్యాన్ని అన్ని బస్సులకూ కాక, వెనకబడిన బస్సుకే ఇచ్చేలా అమర్చితే ఈ జంటలు విడిపోతాయి. కానీ అందుకు ఆర్టీసీ దగ్గరున్న టైమ్ టేబుల్, ట్రాఫిక్ పోలీసుల దగ్గరున్న సిగ్నల్ కంట్రోలర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. రోడ్డు మున్సిపాలిటీదో జాతీయ రహదారుల సంస్థదో, సిగ్నల్ పోలీసులది, బస్సు ఆర్టీసీది. స్టాపును నలభై మీటర్లు జరపాలన్నా మూడు సంతకాలు కావాలి.

మొదటి విడతకు ఒకే రూటు తీసుకోవడం మేలు. సికింద్రాబాద్–మెహిదీపట్నం 5కే లాంటిది, లేదా కోఠి–పటాన్‌చెరు 218. దానిమీద అత్యంత చెడ్డ ఐదు చోట్లు ఏరి, ఒక్కోచోట ఒక్కో మందు: ఒక చోట దశ తీసేయడం, ఒక చోట స్టాపు జరపడం, ఒక చోట రెండొందల మీటర్ల పొట్టి లేన్. మార్పుకు ముందు నెల, తర్వాత నెల అదే జీపీఎస్‌తో కొలవాలి, వానాకాలాన్నీ పండగ సెలవులనూ పక్కన పెట్టి. మిగిలిన నిమిషాలను డిపో వెంటనే టైమ్ టేబుల్‌లోకి ఎక్కించుకోవాలి. లేకపోతే బస్సు ముందుగా వచ్చేసి చివరి స్టాపులో ఖాళీగా నిలబడుతుంది, ప్రయాణికుడికి ట్రిప్పు పెరగదు.